ఎనిమిదో పేరు

అట్లాస్ కొండలకు దక్షిణాన
నీడను కూడా చేబదులు అడగాల్సిన చోట
అద్దాలు దున్నిన పొలం మాది.
ఉత్తరం నుంచి దక్షిణానికి సాళ్ళు,
ఒక్కో సాలూ వంగిన దోసిలి.
పొద్దున తూర్పుకు తిరుగుతాయి,
సాయంత్రానికి పడమటికి.
మధ్యలో ఎవరితోనూ మాట్లాడవు.

నాది రాత్రి పని.
పొద్దు గూకాక బస్సు దిగి
తెర ముందు కూర్చుని ఉప్పుకు కాపలా కాస్తాను.

నవ్వకండి. ఉప్పుకే.
రెండు తొట్లు. ఒక్కోదాంట్లో
మా తమ్జిర్త్ ఊరి ఇళ్ళన్నీ పట్టేస్తాయి.
ఒకటి వేడిది. రెండోది చల్లనిదని పేరేగానీ
వేలు పెడితే వేలుండదు.
పగలంతా అద్దాలు ఏరిన ఎండ
నూనెలో నడిచి ఈ ఉప్పులోకి దిగుతుంది,
కరిగిన ఉప్పు నీళ్ళలా కదులుతుంది.
చీకటి పడ్డాక దాన్ని కొంచెం కొంచెంగా అడుగుతాం:
ఆవిరి కోసం ఉప్పును,
చక్రం కోసం ఆవిరిని,
తీగ కోసం చక్రాన్ని.
తీగ ఎవరి ఇంటికో పోతుంది. నాకు చెప్పదు.

ఇదేదో కొత్త విద్య అంటే
మేనత్త ఇత్తో ఒప్పుకోదు.
"పడుకునే ముందు పొయ్యిలో నిప్పుకు నివురు కప్పేదాన్ని కదా,
తెల్లారి పుల్లతో కదిపితే
కింద ఎర్రగా కన్ను తెరిచేది కదా.
అదే ఇది. మీ పొయ్యి పెద్దది, అంతే."

ఇంకో మాట కూడా అంటుంది,
ఎప్పుడో ఒకసారి, రొట్టె తిరగేస్తూ.
కాగితంలో ఈ నేలను బీడు అని రాశారట.
ఆ బీడులో ఆమె మేకలకు పదకొండు రకాల మేత.
పేర్లు చెప్పమంటే చెబుతుంది.
ఏడింటి దగ్గర ఆగి
మిగతా నాలుగూ నోట్లోనే ఉంచుకుంటుంది.
నా జీతం ఆ నాలుగింటి మీదుగా వస్తుంది.
ఇద్దరికీ తెలుసు.
నా టీలో చక్కెర కాస్త ఎక్కువే వేస్తుంది.

అద్దాలు కడిగే బండి అక్సిల్‌ది.
ఆనకట్ట నీళ్ళు నింపుకొని రాత్రంతా సాళ్ళ మధ్య తిరుగుతాడు.
"అద్దానికి వారం తప్పని స్నానం,
మా అమ్మకు కుళాయి వచ్చిన రోజు స్నానం" అంటాడు.
అని, మళ్ళీ శ్రద్ధగానే కడుగుతాడు.
మరక మిగిలితే వెనక్కి వెళ్ళి మరీ కడుగుతాడు.

మార్చిలో మూడు రోజులు దుమ్ము.
ఆకాశం గోధుమ పిండి జల్లెడ.
అద్దాలన్నీ మొహాలు నేలకు తిప్పి కూర్చున్నాయి.
తొట్టి సంగతి సరే, దాని లావే దానికి దుప్పటి.
గొట్టాల్లోని ఉప్పు చల్లారుతోంది.
రెండు వందల ఎనభై.
రెండు వందల అరవై ఎనిమిది.
ఇంకాస్త దిగితే రాయి.
రాయయ్యాక ఏ పంపూ దానితో మాట్లాడలేదు.

మూడో రాత్రి మీట నొక్కాను.
తీగ వెనక్కి నడిచింది.
ఎక్కడో సముద్రతీరాన బొగ్గు కాల్చిన కరెంటు
మా గొట్టాలను ఒళ్ళో పెట్టుకుని వెచ్చగా ఉంచింది.
సూర్యుణ్ణి దాచుకునే ఇల్లు
బొగ్గు దగ్గర అప్పు చేసింది.
ఎవరూ చూడకపోయినా నాకు చెవులు వేడెక్కాయి.

అత్తకు చెబితే పెదవి విరవలేదు.
"నివురు కింద నిప్పు చచ్చిన రోజులుండవా?
పెంకు పట్టుకుని పక్కింటికి పోయేదాన్ని.
వాళ్ళ పొయ్యి నాకు నచ్చి కాదు.
మళ్ళీ నాది రాజేసుకోవడానికి."

నాలుగో రోజు గాలి పడిపోయింది.
అక్సిల్ మధ్యాహ్నమే బండి తీశాడు.
కడిగిన సాలు కడిగినట్టే తల తిప్పింది.
రాత్రి నేను వచ్చేసరికి
తెర మీద మూడు వందల అరవై రెండు.
తీగ మళ్ళీ ముందుకు నడుస్తోంది.

పుస్తకంలో రాశాను: ఉప్పు, 362.
అప్పుకు అందులో గడి లేదు.
అంచున పెన్సిల్‌తో చిన్న గీత పెట్టాను.

తెల్లారి ఇంటికి వెళితే
మేనత్త చెప్పులు దులుపుకుంటూ
ఎనిమిదో మేత పేరు చెప్పింది.
నేను అడగలేదు.